ఆదివారం పన్నెండింటికి ఎవరి వంతు

లోర్నా టీడెమన్ గురించి మా ఊళ్లో ఇప్పుడు ఎవరినడిగినా ఒకటే మాట చెబుతారు. ఆ మాట తప్పని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. నా పేరు ఓర్విల్. హాల్వర్‌లో ఇనుప సామాన్ల కొట్టు నాది. రోడ్డుకి అవతల, సరిగ్గా నా కొట్టుకెదురుగా, ఊరి అంబులెన్సు షెడ్డు. మోకాలు చెడిపోయేదాకా నేనూ ఆ బండి ఎక్కినవాణ్ణే. అంబులెన్సు పనికి కావలసిన లైసెన్సు పోయాక బండి కడగడం, కాఫీ కాయడం, అడగని సలహాలు చెప్పడం నా పనులయ్యాయి. మూడింటికీ జీతం లేదు. మూడోదానికి మర్యాద కూడా లేదు.

లోర్నా స్కూలు బస్సు నడిపేది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. నలభై దాటని ప్రతివాణ్ణీ ఈ ఊళ్లో ఆవిడ ఎప్పుడో ఒకప్పుడు "కూర్చోరా వెధవా, బండి తోలాలి" అని కసిరే ఉంటుంది. అలా కసిరించుకున్నవాళ్లలో ఒకడు ఇప్పుడు బ్యాంకు మేనేజరు. ఆవిడ కనబడితే ఇప్పటికీ కుర్చీ వెతుక్కుంటాడు.

ఆవిడ మొగుడు మెర్ల్ మొక్కజొన్న కోత రోజుల్లో పొలంలో గుండె పట్టుకుని పడిపోయాడు. అప్పట్లో మాకు అంబులెన్సు లేదు, నలభై మైళ్ల అవతల లిండెన్‌బర్గ్ నుంచి రావాలి. వచ్చింది. వచ్చేసరికి చెయ్యవలసిందేమీ మిగల్లేదు. చావు జరిగిన ఇంటికి మా ఊళ్లో అందరూ వండుకుని పట్టుకెళతారు. గిన్నె అడుగున పేరు రాసిన చిన్న టేపు అంటించి ఉంటుంది. నెల తిరక్కుండా గిన్నెలన్నీ తోమి, ఎవరిది వాళ్ల గుమ్మంలోకి పట్టుకెళ్లి ఇచ్చెయ్యడం ఆనవాయితీ. లోర్నా గిన్నెలు ఇవ్వడానికి వచ్చి, గిన్నె చేతిలో ఉంచుకునే అడిగేది. "మనకో అంబులెన్సు పెడుతున్నాను. ఎప్పట్నించి వస్తావ్?" మన గిన్నె పట్టుకుని మన గుమ్మంలో నిలబడ్డ ఆడమనిషికి కాదని చెప్పగలిగే మగాడు మా ఊళ్లో పుట్టలేదు. అలా పోగయ్యారు మొదటి పదకొండు మంది. నేను అందులో ఆరోవాణ్ణి. నాది బంగాళాదుంపల గిన్నె.

టర్కీ కోళ్ల ఫ్యాక్టరీ వచ్చాక ఊరు మారింది. మెక్సికో వాళ్లు, గ్వాటెమాలా వాళ్లు, బర్మా నుంచి పారిపోయి వచ్చిన కరెన్‌లు. మా పాతవాళ్లు కాఫీ హోటల్లో గొణుక్కుంటూ ఉండగానే లోర్నా వాళ్ల చావులకీ వంట పట్టుకెళ్లింది, గిన్నెల కోసం మళ్లీ వెళ్లి మనుషుల్ని పట్టుకొచ్చింది. మారిబెల్ ఓచోవా అలా దొరికింది. ఫ్యాక్టరీలో రెండు భాషల మధ్య మాటలు మోసే ఉద్యోగం ఆవిడది. చురుకు మనిషి, నోరు ఇంకా చురుకు. లోర్నాని పెద్దరికంతో "దోన్యా" అనేది. మమ్మల్ని ఏమీ అనేది కాదు, పేర్లు పెట్టి పిలిచేది.

అందరం జీతం లేకుండా చేసేవాళ్లమే. మా పద్ధతి ఒకటే. నడుముకున్న పేజర్ మోగితే ఎక్కడున్నవాళ్లు అక్కణ్ణించి పరిగెత్తాలి. చట్టప్రకారం శిక్షణ ఉన్నవాళ్లు ఇద్దరు ఉంటేగాని బండి కదలకూడదు. ముందు వచ్చిన ఇద్దరూ ఎక్కేస్తారు. మిగతావాళ్లు షెడ్డులో కాఫీ తాగి ఇంటికెళతారు. ఒకసారి గిల్ బ్రాండ్‌వోల్డ్ బాతుల వేట నుంచి నడుందాకా రబ్బరు బూట్లతో వచ్చాడు. అదే పిలుపుకి మారిబెల్ కూతురి పదిహేనో పుట్టినరోజు పార్టీలోంచి మెరుపుల గౌనుతో వచ్చింది. ఇద్దరూ ఆ వేషాల్తోనే వెళ్లి ఒక ముసలాయన ప్రాణం నిలబెట్టారు. ఆ తర్వాత ఏడాదంతా షెడ్డులో అదే గోల.

"రావమ్మా పెళ్లికూతురా, వరుడెక్కడ?" అనేవాడు గిల్.

"వరుడా? కప్పయి కూర్చున్నాడు. రబ్బరు బూట్లేసుకుని," అనేది మారిబెల్.

గిల్ రైతు. మంచివాడే, కాకపోతే తన మంచితనం మీద తనకు కొంచెం ఎక్కువ నమ్మకం. వాళ్లమ్మ పోయిన రోజున బండి వెనకాల ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నది మారిబెల్. ముందు కూర్చుని నడిపింది గిల్. లిండెన్‌బర్గ్ చేరేదాకా మారిబెల్ స్పానిష్‌లో ఏదో ప్రార్థన చదువుతూనే ఉందట. అప్పట్నించి ప్రతి ఆగస్టులో గిల్ ఆవిడ వాకిట్లో ఒక బస్తా లేత మొక్కజొన్న పొత్తులు పడేసి వచ్చేవాడు.

తర్వాత ఆ ఎన్నికలు వచ్చాయి. ఎవరు గెలిచారో, ఎవరిది ఏ పార్టీయో చెప్పను. చెబితే చదివే మీరు కూడా రెండు జట్లవుతారు.

గిల్ తన పొలం గట్టున పెద్ద బోర్డు పెట్టాడు. దాన్ని ఎవడో రంపంతో కోసేశాడు. మారిబెల్ కారు వెనక చిన్న కాగితం అంటించుకుంది. దాన్ని ఎవడో తాళంచెవితో గీకి, పనిలో పనిగా రంగు కూడా ఊడగొట్టాడు. ఎవరు చేశారో ఇప్పటికీ తెలీదు. తెలియకపోవడం వల్ల ప్రతివాడూ అవతలివాళ్లందరూ కలిసి చేశారనుకున్నాడు. చినికి చినికి గాలివాన అయింది. ఫలితాలు వచ్చిన మర్నాడు గిల్ తన పార్టీ టోపీ పెట్టుకుని షెడ్డులోకి వచ్చాడు.

"అది తీసి రా," అంది మారిబెల్.

"నా నెత్తి, నా టోపీ."

"ఈ షెడ్డు నీ నెత్తి కాదుగా. దేశంలోంచి పంపేస్తారన్న భయంతో మా అన్న రెండు రోజులుగా పనికి వెళ్లలేదు తెలుసా?"

"తప్పు చెయ్యనివాడికి భయమెందుకమ్మా?"

మారిబెల్ తన రెండు చేతులూ చాచి చూపించింది. తర్వాత నెమ్మదిగా అంది. "మీ అమ్మ చెయ్యి పట్టుకున్నది ఈ చేతుల్తోనే గిల్."

"మా అమ్మని మధ్యలోకి లాగకు!" అని గిల్ అరిచిన అరుపుకి నా చేతిలో కాఫీ ఒలికింది. ఆ అరుపు కోపం కాదు, సిగ్గు. నాకు తెలుసు, మారిబెల్‌కీ తెలిసే ఉంటుంది. అయినా ఆ రోజు నుంచి వాళ్లిద్దరూ ఒక బండి ఎక్కలేదు.

మిగతావాళ్లు ఊరుకున్నారా? చెరోవైపు చేరారు. పేజర్ మోగగానే రేడియోలో "నేను వస్తున్నా" అని చెప్పడం మా అలవాటు. ఎవరి గొంతు ముందు వినిపించిందో చూసి, అవతలి జట్టువాడైతే ఇవతలి జట్టువాడు నోరు మూసుకుని కూర్చునేవాడు. రెండుసార్లు బండి ఆలస్యంగా కదిలింది. దేవుడి దయవల్ల ఒకటి చెయ్యి విరగడం, ఇంకోటి ఉత్త కడుపునొప్పి.

లోర్నాకి నిద్ర పట్టలేదు. ఆవిడ ఎవరికి ఓటేసిందో ఎవరికీ చెప్పలేదు. అందుకని రెండు జట్లూ ఆవిడ అవతలి జట్టని అనుమానించాయి. ముందు షెడ్డులో అందరికీ భోజనం పెట్టింది. గిల్ వాళ్లావిడ మాంసం, బంగాళాదుంపలు కలిపి కాల్చిన పళ్లెం తెచ్చింది. మారిబెల్ మొక్కజొన్న ఆకుల్లో ఉడికించిన తమాలెలు తెచ్చింది. ఒక జట్టు బండికి ముందు కూర్చుంది, ఒక జట్టు బండికి వెనక. అందరూ మర్యాదగా "బాగుందండీ, చాలా బాగుంది" అనుకుంటూ తిని, గంట తిరక్కుండా వెళ్లిపోయారు. మా ఊరివాళ్లకి తిట్టుకోవడం చేతకాదు. మర్యాదతో చంపేస్తాం.

తర్వాత ఇల్లిల్లూ తిరిగింది. ఈసారి చేతిలో గిన్నె లేదు. గిల్ అన్నాడట: "నాకు వాళ్లమీద ద్వేషం లేదు లోర్నా. పక్కన కూర్చోమనకు, అంతే." మారిబెల్ అందట: "నాకూ ద్వేషం లేదు దోన్యా. ఆయన పక్కన ఊపిరాడదు నాకు." తక్కినవాళ్లు కూడా అటుతిప్పి ఇటుతిప్పి అదే చెప్పారు. అప్పుడు ఆవిడకి ఆ ఆలోచన వచ్చింది. ఒక వారం గిల్ వాళ్లు, ఒక వారం మారిబెల్ వాళ్లు. ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి వంతు మారుతుంది. తను మాత్రం రెండు వారాలూ ఉంటుంది.

"ఇదేం రాజీ?" అన్నాను. "ఇద్దర్నీ కలపమంటే మధ్యలో గోడ కట్టావు."

"బండి కదులుతుందిగా ఓర్విల్."

"కదులుతుంది. కానీ పక్కింటివాడు పడిపోతే ఇది మా వారం కాదనే రోజు వస్తుంది చూడు."

"అంత చెడ్డవాళ్లెవరూ లేరీ ఊళ్లో," అంది. నిజమే. అంత చెడ్డవాళ్లెవరూ లేరు. అదే మా ఖర్మ.

అందరూ ఒప్పుకున్నారు. అందరూ ఒప్పుకునేసరికి లోర్నా మొహం వెలిగిపోయింది. నిమ్మరసం వేసిన తీపి బిళ్లలు కాల్చి రెండు జట్లకీ పంచింది. చలికాలం, వసంతం, ఎండాకాలం గడిచాయి. గొడవల్లేవు. షెడ్డులో కాఫీ కప్పులకి రెండు అరలు వెలిశాయి, ఎవరూ చెప్పకుండానే. ఆగస్టు వచ్చింది, మారిబెల్ వాకిట్లో మొక్కజొన్న పొత్తులు పడలేదు. లోర్నాకి మాత్రం సెలవన్నది లేదు. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు, మధ్యలోనూ రాత్రీ పేజర్. మనిషి సగమైపోయింది. "చచ్చేదాకా ఇలాగేనా?" అంటే, "వాళ్లు మాట్లాడుకునేదాకా," అనేది. బస్సులో వెనక సీట్లో పోట్లాడుకున్న పిల్లల్ని ఆవిడ అలాగే విడివిడిగా కూర్చోబెట్టేది. నాలుగు రోజులకి వాళ్లే కలిసిపోయేవాళ్లు. పెద్దవాళ్లు కూడా అంతేననుకుంది పిచ్చిది.

సెప్టెంబరులో ఒక ఆదివారం. చర్చీలు అప్పుడే వదిలారు. నేను షెడ్డు బయట బండి అద్దాలు తుడుస్తున్నాను. లోర్నా లోపల ఆక్సిజన్ సిలిండరు మారుస్తోంది. పేజర్ మోగింది. ఫ్యాక్టరీ పక్కనున్న అపార్టుమెంట్లలో, పై అంతస్తు, పెద్దాయన, ఊపిరి ఆడటం లేదు.

పెద్దాయనంటే సా ఎ బ్లే. ఊళ్లో అందరికీ తెలిసిన కరెన్ తాత. రైలు పట్టాల పక్కన పనికిరాని నేల తవ్వి మిరపకాయలు, చిక్కుళ్లు, గోంగూర పండించేవాడు. భాష రాదు. పొద్దున్నే ఎవరి వాకిట్లో పడితే వాళ్ల వాకిట్లో ఒక కట్ట పెట్టి నవ్వుతూ వెళ్లిపోయేవాడు. ఏ పార్టీ బోర్డు ఉన్న వాకిలో చూసేవాడు కాదు, చదవడం వస్తేగా. గోంగూర ఏం చేసుకోవాలో మాకు తెలీదు. గిల్ వాళ్లావిడ ఎర్రకాడలు బాగున్నాయని పూలకుండీలో పెట్టింది. ఆయనకి ఈ దేశం కాగితాలు ఇంకా రాలేదు. మేమందరం కొట్టుకు చచ్చిన ఆ ఎన్నికల్లో ఆయనకి ఓటే లేదు.

లోర్నా బండెక్కి ఇంజను ఆన్ చేసింది. రేడియోలో "నేనున్నాను, ఇంకొకరు కావాలి" అంది.

ఎవరూ పలకలేదు.

"ఎవరి వారం ఇది?" అనడిగాను.

"పన్నెండు ఇప్పుడే అయింది," అంది. అనగానే మా ఇద్దరికీ అర్థమైంది. గిల్ మూలమీది కాఫీ హోటల్లో పెళ్లాంతో కూర్చుని ఉన్నాడు. షెడ్డు నుంచి కేకేస్తే వినపడే దూరం. చర్చి అయిపోయింది కాబట్టి తన వారం అయిపోయిందనుకున్నాడు. ఇంకా అవతలివాళ్ల వంతులో వేలుపెడితే తప్పుపడతారని కదలకుండా కూర్చున్నాడు. మారిబెల్ తన చర్చి మెట్లమీద ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాకే వంతు మారుతుందని ఆవిడ లెక్క. ఇంతలో వెళితే చొరబడ్డామంటారని ఆగింది. వాళ్ల వెనకున్నవాళ్లు వాళ్లని చూసి ఆగారు. శిక్షణ ఉన్నవాళ్లు పదిమంది ఊళ్లోనే ఉన్నారు. అందరూ పేజర్ విన్నారు. అందరూ అవతలివాళ్ల మర్యాద కాపాడారు.

"ఎవరైనా రండి," అంది లోర్నా రేడియోలో. "ఏ వారమైనా సరే. ఎవరైనా."

గిల్ తర్వాత నాతో చెప్పాడు, ఆ గొంతు విని లేచానని. లేచి కిటికీలోంచి చూశాడట. మారిబెల్ కారు షెడ్డు వైపు తిరగడం కనపడింది. హమ్మయ్య, వాళ్లు వెళ్తున్నారనుకుని కూర్చున్నాడు. మారిబెల్ చెప్పింది, తను షెడ్డు దాకా వచ్చానని. కాఫీ హోటలు ముందు గిల్ ట్రక్కు చూసి, ఆయన ఇక్కడే ఉన్నాడు కదా అనుకుని తిప్పేసిందట. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందంటే ఇదే.

నేను అద్దాలు తుడిచే గుడ్డ అక్కడే పారేశాను. "పద, నేనెక్కుతాను."

"నీకు లైసెన్సు లేదు ఓర్విల్."

"ఆయనకి ఊపిరి లేదు!"

ఒక్క క్షణం నా మొహం చూసింది. "ఎక్కు," అంది.

అప్పటికి ఎంతసేపు పోయిందో తర్వాత అందరూ లెక్కలు కట్టారు. నేను కట్టను. అపార్టుమెంట్ల ముందు ఆపాం. మెట్లు రెండు అంతస్తులు. నా మోకాలు మొదటి మలుపుకే మొరాయించింది. లోర్నా మందుల సంచీ, గుండెకి షాకిచ్చే యంత్రం రెండూ భుజాన వేసుకుని ఒక్కతే ఎక్కింది. కింద మెట్ల మీద కూలబడి నేను విన్నాను. ఆవిడ లెక్కపెడుతూ ఛాతీ నొక్కుతోంది. ఆవిడ గొంతు, మధ్యలో ఆయన కూతురు ఏడుపు, మళ్లీ ఆవిడ గొంతు. కాసేపటికి గొంతు బొంగురుపోయింది. అయినా లెక్క ఆగలేదు. ఒక మనిషి నొక్కుతూ అలిసిపోతే ఇంకో మనిషి అందుకోవాలి. ఇద్దరుండాలన్నది అందుకే. అందుకునేవాళ్లు లేరు. చివరికి ఫ్యాక్టరీ కుర్రాళ్లు నలుగురు ఆయన్ని దుప్పట్లో వేసుకుని కిందికి మోసుకొచ్చారు, ఆవిడ పక్కనే మెట్లు దిగుతూ నొక్కుతూనే ఉంది. నేను బండి నడిపాను. మా బండి కదలడం ఆలస్యమయ్యేసరికి లిండెన్‌బర్గ్ నుంచి పంపిన బండి దారిలో ఎదురైంది. అందులోంచి కుర్రవాడొకడు దిగి, లోపలికి చూసి, లోర్నా మణికట్టు పట్టుకుని "అమ్మా, ఇక చాలు" అన్నాడు.

ఆవిడ చెయ్యి తీయలేదు. వాడే తీశాడు.

కౌంటీవాళ్లు, అంటే మా జిల్లా అధికార్లు, మా బండికి తాళం వేశారు. జట్టంతా కూర్చుని పద్ధతి మార్చుకుని వస్తే అప్పుడు చూద్దామన్నారు. ఆ గురువారం సాయంత్రం షెడ్డులో మీటింగు. లోర్నాతో సహా అందరూ వచ్చారు. నేను సభ్యుణ్ణి కాను కాబట్టి కాఫీ పోస్తూ నిలబడ్డాను.

మొదట మారిబెల్ లేచింది. కళ్లు వాచి ఉన్నాయి. "దోన్యా అంతసేపు ఎందుకు ఆగింది? మొదటే ఒక్కతే వెళ్లిపోవాల్సింది. చట్టం చూసుకుంటూ కూర్చుంటే ప్రాణం పోయింది."

గిల్ లేచాడు. "నేననేది వేరు. చట్టం ఎందుకు మీరింది? లైసెన్సు లేని ముసలాణ్ణి ఎక్కించుకుని వెళ్లింది. కౌంటీ మనల్ని మూసింది అందుకే."

ఒకరు ఆవిడ ఆగినందుకు తప్పుపట్టారు, ఇంకొకరు ఆగనందుకు. మాటలు రెండూ ఎదురుబొదురు. అయినా సరే, మాట్లాడుతున్న కొద్దీ రెండూ ఒకే చోటికి చేరడం నేను కళ్లారా చూశాను.

"అసలు ఈ వారాల పద్ధతి ఎవరు పెట్టమన్నారు?" అన్నాడు వెనకనుంచి ఒకడు.

"అదే నేనూ అంటున్నాను," అంది మారిబెల్.

"మొదట్నించీ నాకూ నచ్చలేదు," అన్నాడు గిల్.

"మనల్ని విడగొట్టింది ఆ వంతులే," అంది మారిబెల్. గిల్ తల ఊపాడు. ఏడాది తర్వాత మొదటిసారి ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నా చేతిలో కాఫీ కూజా ఉంది. దాన్ని ఎవడి నెత్తిన బోర్లించాలో తేలక ఆగాను. "సిగ్గులేదూ!" అన్నాను. "ఆవిడ బతిమాలుతుంటే రేడియోలో ఒక్కడు పలికారా?"

"ఓర్విల్," అంది లోర్నా. "కూర్చో."

చిన్నపిల్లాణ్ణి కసిరినట్టు కాదు. అలిసిపోయి అంది. నేను కూర్చున్నాను.

లోర్నాని పెద్దరికం నుంచి తప్పించి, జట్టులోంచి కూడా తీసేసి, కౌంటీకి అదే చెబుదామన్నారు. ఒప్పుకున్నవాళ్లు చెయ్యెత్తమన్నారు. గిల్ ఎత్తాడు. మారిబెల్ ఎత్తింది. ముందు వరసా వెనక వరసా అన్ని చేతులూ లేచాయి. లోర్నా వాటిని ఒక్కొక్కటే చూసింది. ఏ చేతుల్ని ఒకచోట చూడాలని ఏడాదిపాటు నిద్ర మానుకుందో అవన్నీ అక్కడ ఉన్నాయి. తర్వాత తన చెయ్యి కూడా ఎత్తింది.

వెళ్లేటప్పుడు మారిబెల్‌కి గిల్ తలుపు పట్టుకున్నాడు. "జాగ్రత్త, మెట్టు తడిగా ఉంది," అన్నాడు. "థాంక్స్ గిల్. మీ ఆవిడ తుంటినొప్పి ఎలా ఉంది?" అని అడుగుతూ ఆవిడ బయటికి నడిచింది. ట్రక్కు పక్కన నిలబడి ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు.

"విన్నావా?" అంది లోర్నా నాతో. "మాట్లాడుకుంటున్నారు."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి రాలేదు. నడుముకున్న పేజర్ తీసి బల్ల మీద పెట్టి, కోటు తొడుక్కుని వెళ్లిపోయింది. దాన్ని ఎవరో ఒకరు తీసుకెళతారని నేను చాలాసేపు చూశాను. ఎవరూ రాలేదు.